రిపోర్టులన్నీ నార్మల్, మరి ఈ దడెందుకు?

ఈసీజీ నార్మల్. టూడీ ఎకో నార్మల్. థైరాయిడ్ నార్మల్. గ్యాసేమోనని ఎండోస్కోపీ కూడా చేయించారు, అదీ నార్మలే. రిపోర్టుల ఫైలు లావెక్కింది. "మీకేం లేదండీ, నిశ్చింతగా ఉండండి" అని డాక్టరుగారు బి కాంప్లెక్స్ రాసి పంపించారు. రాత్రి రెండింటికి మళ్లీ అదే దడ, అవే ముచ్చెమటలు, "అయిపోయింది, ఇక నేను బతకను" అన్న అదే భయం.

మీ పరిస్థితి ఇదేనా? అయితే ముందుగా ఒక మాట. మీకొచ్చిన దడ అబద్ధం కాదు. మీరు నటించడం లేదు. గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటోంది, చేతులు నిజంగానే వణుకుతున్నాయి. కాకపోతే గుండెలో జబ్బు లేదు. ఆపద లేనప్పుడు కూడా ఆపద వచ్చిందనుకుని ఒళ్లంతా ఉలిక్కిపడుతోంది. దీన్నే వైద్యులు ఆందోళన రుగ్మత అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో దీనితో బాధపడుతున్నవారు 30 కోట్ల పైమాటే. మానసిక సమస్యలన్నిట్లోకీ ఎక్కువమందిలో కనిపించేది ఇదే. మంచి చికిత్సలున్నాయి. అయినా నలుగురిలో ఒకరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోంది.

మిగతా ముగ్గురూ ఏం చేస్తున్నారు? భయమేసిన చోటికి వెళ్లడం మానేస్తున్నారు. తిరకాసంతా అక్కడే ఉంది. భయం తగ్గాలని మనం చేసే పనుల్లో చాలావరకు దాన్ని పెంచి పోషించేవే. వాటిని ఒక్కొక్కటిగా ఎలా వదిలించుకోవాలో నేర్పేదే చికిత్స. ఈ అధ్యాయం సారాంశం అంతే. ఇక పనిలోకి దిగుదాం.

మామూలు కంగారా? వైద్యం కావాల్సిన సమస్యా?

ఎంట్రెన్స్ పరీక్ష హాల్లోకి వెళ్లేముందు కడుపులో తిప్పినట్టుండటం, ఇంటర్వ్యూ నాడు అరచేతులు తడవడం, పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా నిద్రపట్టకపోవడం... ఇవి అందరికీ ఉండేవే. ఆ మాత్రం కంగారు లేకపోతే పనులూ జరగవు. మరి గీత ఎక్కడ గీయాలి? మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. విషయం చిన్నదైనా కంగారు కొండంత ఉంటోందా?
2. సందర్భం అయిపోయాక కూడా వదలకుండా వారాలు, నెలల తరబడి వెంటాడుతోందా?
3. దానివల్ల ఉద్యోగం, చదువు, ప్రయాణాలు, చుట్టరికాలు, నిద్ర... వీటిలో ఏదైనా దెబ్బతింటోందా?

మూడింటికీ "అవును" అనిపిస్తే, ముఖ్యంగా మూడోదానికి, ఇది ఓర్చుకోవాల్సిన విషయం కాదు. చూపించుకోవాల్సిన విషయం.

మీది ఏ రకం?

1. పానిక్ డిజార్డర్. హఠాత్తుగా వస్తుంది. గుండెదడ, ఊపిరాడనట్టుండటం, వేళ్లకు తిమ్మిరి, చచ్చిపోతానేమో, మతిపోతుందేమో అన్న భయం. పది నిమిషాల్లోపే శిఖరానికి చేరి, సాధారణంగా అరగంటలో దిగిపోతుంది. అంతకంటే పెద్ద బాధ "మళ్లీ ఎప్పుడొస్తుందో" అన్న ఎదురుచూపు. ఆ భయంతోనే కొందరు బస్సులు, సినిమా హాళ్లు, రద్దీ బజార్లు, చివరికి ఒంటరిగా గడప దాటడమే మానేస్తారు. దీన్ని అగోరాఫోబియా అంటారు.

2. ఎడతెగని ఆందోళన. జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ అని రాస్తారు. డాలస్‌లో ఉన్న కొడుకు ఫోనెత్తకపోతే యాక్సిడెంటేమో, ఈఎంఐ ఒక్కరోజు ఆలస్యమైతే ఇల్లు పోతుందేమో, ఆయన దగ్గితే క్యాన్సరేమో. ఒక దిగులు తీరగానే ఇంకోటి తగులుకుంటుంది. ఆరు నెలలకు పైగా దాదాపు రోజూ ఇలాగే ఉండి, మెడనొప్పి, అలసట, చిరాకు, నిద్రలేమి తోడైతే వైద్యులు ఈ పేరు పెడతారు. వీళ్లను "అతి జాగ్రత్త మనిషి" అని ఇంట్లో మెచ్చుకుంటారు కూడా. అందుకే ఏళ్ల తరబడి బయటపడదు.

3. నలుగురిలో భయం. సోషల్ యాంగ్జయిటీ. పెళ్లిలో బంతిలో కూర్చుంటే చెయ్యి వణుకుతుందేమోనని "ఉపవాసం" అని తప్పించుకునేవారు, బ్యాంకులో ఎవరైనా చూస్తుండగా సంతకం పెట్టలేనివారు, మీటింగులో తెలిసిన జవాబు కూడా చెప్పలేనివారు వీళ్లే. "మహా సిగ్గరి" అనేసి ఊరుకుంటాం. సిగ్గు కాసేపటికి పోతుంది. ఇది ప్రమోషన్లనూ, సంబంధాలనూ పోగొడుతుంది.

4. ఫోబియాలు. కుక్క, లిఫ్టు, ఎత్తు, ఉరుము, సూది... ఏదో ఒక్కదానిమీద విపరీతమైన భయం. వీటిలో సూది, రక్తం సంగతి వేరు. మిగతా భయాల్లో రక్తపోటు పెరుగుతుంది కాబట్టి కళ్లు తిరిగి పడిపోవడం అరుదు. రక్తం చూస్తే మాత్రం పోటు ఒక్కసారిగా పడిపోతుంది, మనిషి నిజంగానే పడిపోతాడు. అందుకే ఇక్కడ "రిలాక్స్ అవ్వండి" అన్న సలహా పనిచేయదు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను ముఖం వెచ్చబడేదాకా పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించి, అరనిమిషం మామూలుగా వదిలి, ఇలా ఐదుసార్లు చేయాలి. పోటు నిలబడుతుంది. రక్తపరీక్షకు వెళ్లేముందు వారంరోజులు ఇంట్లో అలవాటు చేసుకోండి.

చేతులు పదే పదే కడగడం, తాళం వేశానా లేదా అని మళ్లీ మళ్లీ చూసుకోవడం ఓసీడీ. దానికి చికిత్స కొంచెం వేరు కాబట్టి ఇక్కడ ముట్టుకోవడం లేదు.

దడ వచ్చిన ఆ పది నిమిషాలూ

ఒక షరతు. ఛాతీనొప్పి, ఆయాసం మొదటిసారి వస్తే అది పానిక్కో, గుండెపోటో మీరు తేల్చకండి. 108కి ఫోన్ చేయండి, ఆసుపత్రికి వెళ్లండి. షుగరు, బీపీ, సిగరెట్టు అలవాటు ఉన్నవారికి, నడిస్తే పెరిగే నొప్పికి, దవడకో చేతికో పాకే నొప్పికి ఇది మరీ వర్తిస్తుంది. పరీక్షలన్నీ చేసి పానిక్ అని వైద్యులు నిర్ధారించాకే కింది పద్ధతి.

1. పేరు పెట్టండి. "ఇది పానిక్. ఇదివరకూ వచ్చింది, పోయింది. ఇదీ పోతుంది" అని మనసులో అనుకోండి.
2. ఉన్నచోటే ఉండండి. పరుగెత్తి బయటికొస్తే హాయిగా ఉంటుంది. కానీ "బయటికొచ్చాను కాబట్టే బతికాను" అని మెదడు రాసుకుంటుంది. కూర్చునైనా సరే, అక్కడే ఉండండి.
3. గాలి గబగబా మింగకండి. వేళ్లు తిమ్మిరెక్కడం, తల తేలిపోవడం చాలావరకు అతిగా ఊపిరి పీల్చడం వల్లే. ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదలడమే ముఖ్యం. సినిమాల్లో చూపించే కాగితం సంచి జోలికి పోకండి.
4. పోట్లాడకండి. "పో, పో" అనేకొద్దీ అది బిగుసుకుంటుంది. రానివ్వండి, పెరగనివ్వండి, దిగనివ్వండి. వాచీ చూసి మొదలైన టైము, తగ్గిన టైము ఫోన్‌లో రాసుకోండి. నాలుగుసార్లు రాసుకున్నాక మీకే తెలుస్తుంది, అది ఏనాడూ తెల్లార్లూ ఉండలేదని.
5. ఆపిన పని మళ్లీ మొదలుపెట్టండి. కూర తరుగుతుంటే తరగండి, ఫైలు చూస్తుంటే చూడండి. దడ తగ్గేదాకా పనిని ఆపొద్దు.

మెట్లు కట్టుకోండి

అన్నిటికంటే గట్టిగా పనిచేసే చికిత్స ఏది? భయపడే పనిని కొంచెం కొంచెంగా, పదే పదే చేయడం. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, అంటే సీబీటీలో, గుండెకాయ ఇదే. తప్పించుకోవడం అప్పు లాంటిది. ఇవాళ గండం గడుస్తుంది, రేపు వడ్డీతో సహా తలుపు తడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలో ఒక మెడికల్ రిప్రజెంటేటివ్ ఉన్నాడనుకోండి. హైదరాబాద్ నైట్ బస్సులో సూర్యాపేట దగ్గర పానిక్ వచ్చింది. డ్రైవర్ని బతిమాలి దిగిపోయాడు. ఆ తర్వాత నైట్ బస్సు మానేశాడు. తర్వాత పగటి బస్సు. తర్వాత సిటీ బస్సు. ఇప్పుడు బైకుమీద కూడా జేబులో మాత్ర లేనిదే కదలడు. అతని మెట్లు ఇలా ఉండొచ్చు. పక్కనున్న అంకె వందకు ఎంత భయమో చెబుతుంది.

1. బస్టాండులో పావుగంట కూర్చుని రావడం: 20
2. భార్యతో కలిసి సిటీ బస్సులో రెండు స్టాపులు: 35
3. అవే రెండు స్టాపులు ఒంటరిగా: 50
4. ఒంటరిగా అరగంట, తలుపుకు దూరంగా కూర్చుని: 60
5. ఒంటరిగా నందిగామ దాకా వెళ్లి రావడం: 70
6. పగటి బస్సులో హైదరాబాద్: 85
7. నైట్ బస్సు, మధ్య సీటు, జేబులో మాత్ర లేకుండా: 100

ఇప్పుడు మీ మెట్లు మీరు రాసుకోండి. పాటించాల్సినవి నాలుగే.

- ఒక మెట్టుమీద భయం సగానికి దిగేదాకా ఉండండి. శిఖరంలో ఉండగా పారిపోవద్దు.
- వారానికి నాలుగైదుసార్లు చేయండి. నెలకోసారి చేస్తే ప్రతిసారీ కొత్తే.
- వెళ్లేముందు "ఏం జరుగుతుందని భయం?" అని ఒక వాక్యం రాయండి. వచ్చాక "ఏం జరిగింది?" అని దాని పక్కనే రాయండి. ఆ రెండు వరుసల తేడానే మందు.
- చెమట పట్టినా, వణికినా సరే, మెట్టు ఎక్కితే గెలిచినట్టే. భయం లేకుండా వెళ్లాలన్న నియమం ఏదీ లేదు.

ఎడతెగని ఆందోళన ఉన్నవారికి ఎక్కడానికి బస్సేదీ ఉండదు కదా, వాళ్లేం చేయాలి? దిగులుకు ఒక వేళ పెట్టండి. సాయంత్రం ఆరు నుంచి ఆరూ ఇరవై దాకా. పగలు ఏ దిగులొచ్చినా చీటీ మీద రాసి "ఆరింటికి చూద్దాం" అనండి. ఆరింటికి చీటీ తీసి రెండు కుప్పలు చేయండి. ఇవాళ నేను చేయగలిగిన పనేమైనా ఉందా? ఉంటే చేయండి. లేదా? ఆ ఇరవై నిమిషాలు దిగులుపడి లేచిపోండి. నిద్రకు ముందు మాత్రం ఈ కచేరీ పెట్టుకోకండి.

చాలామంది చేసే పొరపాట్లు

1. మెడికల్ షాపు వైద్యం. "దడగా ఉంది, ఏదైనా ఇవ్వు తమ్ముడూ" అంటే చేతిలో పడేది తరచుగా ఆల్ప్రాజోలమే. అరగంటలో హాయి. అందుకే ప్రమాదం. కొన్ని వారాలు రోజూ వాడితే ఒళ్లు దానికి అలవాటుపడుతుంది, ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్రలేమి, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లు దొరక్క జనం మెడలు వంకర్లుపోయి, పిచ్చిగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలైన వార్తలు చదివే ఉంటారు. ఆ కల్లులో కలిపేది ఆల్ప్రాజోలం, డైజిపాం లాంటి మందులే. డాక్టరు రాస్తే, చెప్పినన్ని రోజులే వాడాలి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నారా? మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు సాయంతో మెల్లగా తగ్గించుకోండి.

2. సాయంత్రం రెండు పెగ్గులు. ఆ రాత్రికి భయం మాయం. తెల్లవారుజామున మత్తు దిగేటప్పుడు దడ రెట్టింపు.

3. నెలకో ఈసీజీ. రిపోర్టు చూసిన రెండు రోజులు ప్రశాంతం, మూడోరోజు "ఆ మిషన్ సరిగా పనిచేసిందా?" అన్న అనుమానం. గూగుల్‌లో లక్షణాలు వెతకడమూ ఇంతే. ఒకసారి సరైన పరీక్షలు చేయించుకుంటే చాలు.

4. కాఫీ, టీల లెక్క మర్చిపోవడం. రోజుకు ఐదారు కప్పులు తాగేవారికి సగం దడ కప్పులోనే ఉంటుంది. వారంరోజులు మెల్లగా తగ్గించి చూడండి.

5. తగ్గగానే మందులు ఆపేయడం. దీని గురించి కిందే చెబుతాను.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుంది?

"పిచ్చి డాక్టరు దగ్గరికా? ఎవరైనా చూస్తే?" అనే కదా మీ సంకోచం? సైకియాట్రీ ఓపీలో బయట బెంచీమీద కూర్చున్నవాళ్లను ఒకసారి చూడండి. ఇంటర్ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, నిద్రపట్టని పెద్దవాళ్లు. లోపల షాకులేమీ ఉండవు. ఎప్పుడు మొదలైంది, ఎలా వస్తుంది, ఏమేం మానేశారు, నిద్ర, ఆకలి, మందు అలవాటు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడుగుతారు. చనిపోవాలనిపిస్తోందా అని కూడా అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. థైరాయిడ్, రక్తహీనత, ఆస్తమా ఇన్‌హేలర్ల వల్ల కూడా దడ రావచ్చు కాబట్టి పాత రిపోర్టులు, వాడుతున్న మందులు పట్టుకెళ్లండి.

చికిత్స రెండు రకాలు. మందులు, మాటల వైద్యం. ఏదైనా ఒకటి చాలినవారున్నారు, తీవ్రంగా ఉంటే రెండూ కలిపి ఇస్తారు.

మాటల వైద్యం. సీబీటీ ఇచ్చేవారు క్లినికల్ సైకాలజిస్టులు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం మీ హక్కు. వారానికోసారి చొప్పున పది, పదిహేను సిట్టింగులు పట్టొచ్చు. "కూర్చోబెట్టి కబుర్లు చెప్పి డబ్బు తీసుకుంటారు" అనుకోకండి. హోంవర్క్ ఉంటుంది. హోంవర్క్ చేసినవారికే ఫలితం.

మందులు. ఎక్కువగా రాసేవి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సిటిన్ వంటివి. వీటి గురించి ఐదు సంగతులు గుర్తుంచుకోండి.

1. ఇవి నిద్రమాత్రలు కావు. ఆల్ప్రాజోలంలా అలవాటుపడి డోసు పెంచుకుంటూ పోవాల్సినవీ కావు.
2. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడోరోజే "పనిచేయట్లేదు" అని మానేయకండి.
3. మొదటి వారం వికారం, తలనొప్పి, కొంచెం ఎక్కువ కంగారు ఉండొచ్చు. అందుకే చిన్న డోసుతో మొదలుపెడతారు. పాతికేళ్లలోపు వారిలో తొలివారాల్లో నిస్పృహ, చనిపోవాలన్న ఆలోచనలు కనిపిస్తున్నాయేమో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. అలా ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి.
4. కొందరికి దాంపత్య జీవితంలో ఇబ్బంది వస్తుంది. సిగ్గుపడి మందు మానేసేకంటే డాక్టరుకు చెబితే డోసో, మందో మారుస్తారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా సొంతంగా ఆపకుండా అడగాలి.
5. పూర్తిగా తేరుకున్నాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించి, ఆ తర్వాత మెల్లగా తగ్గిస్తారు. మధ్యలో ఆపేసినవారిలో చాలామందికి తిరగబెడుతుంది.

స్టేజీ ఎక్కాల్సిన రోజు వణుకు తగ్గడానికి ప్రొప్రనలాల్ రాస్తుంటారు. ఆస్తమా ఉన్నవారు దాన్ని వాడకూడదు. స్నేహితుడికి పనిచేసిందని మీరు వేసుకోకండి.

డబ్బు భయమా? ప్రభుత్వ వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలి. మీ పాలసీలో ఏముందో అడిగి తెలుసుకోండి.

ఇంట్లోవాళ్లకు నాలుగు మాటలు

1. "ధైర్యంగా ఉండు, అన్నీ ఉండి నీకేంటి లోటు?" అనకండి. లోటు ఉండి వచ్చింది కాదు, తిట్టి పోగొట్టేదీ కాదు.
2. "ఏమండీ, నాకేం కాదు కదా?" అని భార్య రోజుకు ఇరవైసార్లు అడుగుతోందా? ఇరవైసార్లూ "ఏం కాదులే" అంటే ఇరవై ఒకటోసారి అడుగుతుంది. "ఇందాకే మాట్లాడుకున్నాం కదా, ఇది ఆందోళన అడిగిస్తున్న ప్రశ్న. రా, అలా నడిచొద్దాం" అనండి. ముందు డాక్టరు సమక్షంలో ఇద్దరూ ఒప్పందానికి వచ్చాకే ఇలా చేయండి, లేకపోతే ఈసడించినట్టుంటుంది.
3. ఆమె చేయాల్సిన పనులన్నీ మీరే చేసిపెట్టకండి. బజారుకు తోడు వెళ్లండి, వచ్చేవారం వీధి చివర ఆగండి, ఆ పైవారం ఇంట్లోనే ఉండండి.
4. దిష్టి తీయించడం, గుడికి తీసుకెళ్లడం మీ ఇష్టం. దానికోసం మందు మాన్పించడం మాత్రం తప్పు.

ఈ వారం మీరు చేయాల్సినవి

1. భయం వల్ల మానేసిన పనుల జాబితా రాయండి.
2. అందులో అన్నిటికంటే తేలికైనదాన్ని రేపే చేయండి.
3. సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఎవరిని కలవాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత సేవ. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.
4. చచ్చిపోవాలన్న ఆలోచన ఏ కొంచెం ఉన్నా ఇవన్నీ పక్కనపెట్టి ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆ నంబరుకు ఫోన్ చేయండి, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

షుగరుకు మాత్ర వేసుకోవడానికి ఎవరినీ అనుమతి అడగం కదా? దీనికీ అడగక్కర్లేదు. పుస్తకం పక్కనపెట్టి, ముందు ఆ జాబితా రాయండి.